ఎలుగు

రూట్ కెనాల్‌కి డబ్బుల్లేక
పోయినేడు సగం దుప్పి మాంసం తెచ్చిచ్చాడు డెల్మర్ టాగర్ట్.
ఈ ఏడు, అదెక్కణ్ణించి వస్తుందో చూద్దువుగాని రా డాక్టరమ్మా, అన్నాడు.
ఒరొఫినోలో నా క్లినిక్‌కి తాళం పెట్టి
క్లియర్‌వాటర్ నది ఎగువకి పోయాం,
రోడ్డు అయిపోయాక ఇంకా నాలుగు గంటల నడక.

దారి పొడుగునా చెప్తూనే ఉన్నాడు.
స్ప్రే డబ్బా సంచిలో ఉంటే లేనట్టే, నడుముకుండాలి.
పరిగెత్తకు. చెట్టెక్కకు, నీకంటే అదే బాగా ఎక్కుతుంది.
మీద పడితే మాత్రం చచ్చినట్టు పడుకోకు,
చేతికేది దొరికితే దాంతో మూతి మీద కొట్టు.
గ్రిజ్లీ వేరు, ఇది వేరు.

దుప్పికి తెలియకుండా నడవడం వేట,
ఎలుగుకి తెలిసేలా నడవడం బతుకు.
రెండూ ఇవే కాళ్ళతో ఎలాగయ్యా అంటే
నవ్వి ఊరుకున్నాడు.

టూత్‌పేస్టు కూడా చెట్టుకి కట్టెయ్యి అన్నప్పుడు
పళ్ళ డాక్టర్ని, కాస్త నొచ్చుకున్నాను.

రెండో రోజు పొద్దు వాలాక పడింది దుప్పి.
తలదీపాల వెలుగులో కోశాం.
పేగుల కుప్ప చలికి ఆవిర్లు కక్కుతోంది.
గుడారానికి దూరంగా, ఎత్తు కొమ్మకి
మాంసం సంచులూ, నెత్తుటి చొక్కాలూ.
నాలుగు మోతలు మోశాం. ఐదోది రేపు అనుకున్నాం.
అది తప్పని డెల్మర్‌కి తెలుసు,
అతని మోకాలికే తెలీదు.

తెల్లారి వెళ్తే
కుప్ప మీద తనుంది.
నల్ల ఎలుగన్నారు గానీ దాల్చినచెక్క రంగు.
ఇరవై గజాలు.
తలెత్తి పళ్ళు టకటకలాడించింది.
ఆ చప్పుడు నాకు తెలుసు,
నా కుర్చీలో భయపడ్డవాళ్ళు చేసేదే.
కింది కోర ఒకటి సగానికి విరిగి
నరం చచ్చి ఎన్నాళ్ళయిందో.

మాట్లాడు, అన్నాడు డెల్మర్ పెదాలు కదపకుండా.
ఏదో ఒకటి. మనం మనుషులమని తెలియాలి.

మా భాషలో ఎలుగంటే అదీ, గొంతూ కూడా.
ఎలుగు ముందు ఎలుగెత్తాలి.
నాకొక్క మాట రాలేదు.
తర్వాత ఎక్కణ్ణించో పదిహేడో ఎక్కం వచ్చింది.

పదిహేడు ఒకట్లు పదిహేడు.
ఒకడుగు వెనక్కి.
పదిహేడు రెళ్ళు ముప్పైనాలుగు.
స్ప్రే క్లిప్పు ఊడదీశాను.
పదిహేడు మూళ్ళు
వీపు చూపకు, వీపు చూపకు
యాభైయొకటి.

పదిహేడు ఎనిమిదుల దగ్గర ఆగిపోయాను,
మూడో తరగతిలో బెత్తం పడింది కూడా
సరిగ్గా అక్కడే.
అదీ నమలడం ఆపింది.
అడవంతా ఆ అంకె కోసమే చూస్తున్నట్టుంది.
నీదేలే తిను, అన్నాను చివరికి.
అది తల దించుకుంది,
ఎడమ పక్కనే నములుతోంది, పాపం.

మలుపు తిరిగాక అడిగాడు డెల్మర్,
ఏం చెప్పావు దానికి?
లెక్కలు.
ఆ ఐదో మోత మాటో?
అదీ దాని లెక్కలోనే.

సోమవారం, డ్రిల్లు చేతిలో ఉండగా,
ఎవరో ముసలావిడ దవడ లోతుల్లో
ఉన్నట్టుండి దొరికింది.
వన్ థర్టీ సిక్స్! అని అరిచాను.
బిల్లనుకుందేమో, కళ్ళు తెరిచి
ఫర్లేదన్నట్టు తలూపింది.