పడక ఎక్కడో

ఏటికి అవతల మా అక్క ఇల్లు.
ఈ మోటెల్ మెట్ల మీద నిలబడితే
వాళ్ళ కొట్టం రేకు కనిపిస్తుంది,
మధ్యాహ్నపు ఎండకి కన్ను గీటుతూ.

వంతెన నా నడకకి నాలుగు వందల పన్నెండు అడుగులు.
నడిమధ్యన పచ్చ పలక:
ఇటు ఆల్డర్ కౌంటీ, అటు మెరిడిత్.
పలకకి మూడు తూటా బొక్కలు,
ఎవరో కుర్రాళ్ళ సరదా.

అటు వెళ్ళొచ్చు, తప్పులేదు.
అక్క వండిన బీన్స్ తినొచ్చు,
మేనల్లుడి సైకిలుకి గాలి కొట్టొచ్చు,
వానొస్తే వసారాలో నిలబడి చూడొచ్చు.
రాత్రి నిద్ర మాత్రం ఇటే.
కునుకు సంగతి రూల్సులో లేదు గానీ
మిస్ కింటనీయా ముందే చెప్పింది:
"వెండెల్, ఆ సోఫా మీద కళ్ళు మూసుకోకు."

మనిషి ఎక్కడ పడుకుంటే అదే అతని కౌంటీ అట.
పదకొండేళ్ళు వాళ్ళు వేసిన ఇనప మంచం మీదే పడుకున్నాను,
అప్పుడు నాదే కౌంటీయో ఎవరికీ పట్టలేదు.
బయటికొచ్చాక తేల్చారు,
నువ్వు ఆల్డర్ వాడివి అని.
నేనిక్కడ పుట్టలేదు.
పెట్రోలు కోసం ఆగాను, అంతే.
పట్టుబడ్డ చోటే సొంతూరైంది.

బదిలీకి కాగితం పెట్టాను.
"కారణం" అన్న గడిలో అగ్గిపెట్టె పడుతుంది, అంతే.
అక్క, పని, గది, అని రాశాను.
ఇంకో మాటకి చోటుంది,
ఏం రాయాలో తోచలేదు.

ఇవతలి ఆఫీసు వదలాలి,
అవతలి ఆఫీసు పట్టుకోవాలి.
నన్నడిగితే రెండూ చేతులు కట్టుకునే ఉన్నాయి.
నలభై మూడో రోజున హాల్వర్సన్ అనే ఆయన
మా అక్క ఇంటికి వెళ్ళాడు.
బీరువాలు తెరిచాడు, మంచాలు లెక్కపెట్టాడు,
కుక్క తల నిమిరాడు, కాఫీ తాగాడు.
వెళ్ళిపోబోతూ
పొయ్యి గట్టు పైకి చూశాడు.

తాత జింకల తుపాకీ.
దాని గుర్రం విరిగి ఇరవై ఏళ్ళు.
అయినా తుపాకీ తుపాకీయే, కాగితం మీద.
కుదరదన్నారు.

అక్కని ఎలా అడగను?
ఏటా క్రిస్మస్‌కి నూనె పెట్టి తుడిచేది దాన్ని.
తాత నాకివ్వలేదు, తనకే ఇచ్చాడు.
నా చెయ్యి ఎలాంటిదో
అప్పటికే ఆయనకి తెలుసు.

నెల రోజులు మేం మాట్లాడుకోలేదు.
వంతెన సగం దాకా వెళ్ళి
పలక దగ్గర సిగరెట్టు కాల్చి వెనక్కొచ్చేవాణ్ణి.
వాల్‌నట్ల కోత అయిపోయింది,
ఆరబెట్టే చోట నా పని ఇంకెవరికో పోయింది.

ఒక ఆదివారం ఫోన్‌లో ఫోటో వచ్చింది.
గోడ. రెండు మేకులు.
మధ్యలో, ముప్పై ఏళ్ళ పొగ అంటని చోట,
తెల్లగా తుపాకీ.
మాట ఒక్కటీ లేదు.

"ఎంతకమ్మావు?" అని అడిగాను.
"అదడక్కు. దుప్పటి తెచ్చుకో,
మా వైపు చలి" అంది.

మళ్ళీ కాగితం, మళ్ళీ హాల్వర్సన్, మళ్ళీ కాఫీ.
ఫిబ్రవరిలో మిస్ కింటనీయా ముద్ర గుద్ది,
మొదటిసారి లేచి నిలబడి చెయ్యి కలిపింది.
"ఇరవై నాలుగ్గంటల్లో అక్కడ కనపడాలి" అంది.
నాలుగు వందల పన్నెండు అడుగులకి అంత గడువు!

ఆ రాత్రి సోఫా మీద చట్టప్రకారం పడుకున్నాను.
పొయ్యిలో నిప్పు సన్నగిల్లినా
గోడ మీది తెలుపు ఆరలేదు.
కళ్ళు మూస్తే నా మీదే గురి ఉన్నట్టుంది.

రెండు గంటలప్పుడు అక్క వచ్చింది, గౌనులో,
దీపం వెయ్యకుండా.
కుర్చీ మీది నా కోటు తీసి
ఆ రెండు మేకులకీ తగిలించింది,
భుజాలు సవరించి, ఓ అడుగు వెనక్కేసి చూసి,
పడుకోమంది.

కోటు చిన్నది.
ఎడమ చేతి కిందుగా
గొట్టం చివర
ఇంకా కనిపిస్తూనే ఉంది.