తొమ్మిదో కాలమ్

ప్యారిస్ కార్నర్‌లో జిరాక్స్ షాపు మెట్ల కింద
నేనూ, నా టైపు మిషనూ.
నష్టపరిహారం ఫారంలో తొమ్మిదో కాలమ్: కారణం.
అచ్చువాళ్లు దానికి వదిలిన చోటు
అగ్గిపెట్టె అంచంత.

ముప్పై ఏళ్లలో ఆ చోటుకి సరిపడే ఇంగ్లీషు నేర్చుకున్నాను.
తెలుగులో చెప్పాలంటే
జారిపడి. ఊపిరాడక. షాకు కొట్టి.
వాక్యంలో వాడొక్కడే ఉంటాడు.
వాడే జారాడు, వాడికే ఊపిరాడలేదు.
ఇంకెవరికీ అందులో చోటు లేదు.

రాయపురం పెంచలమ్మ చెప్పింది,
మ్యాన్‌హోల్‌లోకి దిగేముందు మొగుడు
కొవ్వొత్తి వెలిగించి తాడుతో దింపాడట.
ఆరిపోయిందట.
పంపు రిపేరు. సాయంత్రం ఎవరిదో కారు ఆ దారినే పోవాలి.
"దిగరా, ఐదు నిమిషాల పని" అన్న మేస్త్రీ
ఇవాళ్టికీ మేస్త్రీయే.
నేను కొట్టాను: ఊపిరాడక.

అంబత్తూరు పవర్ ప్రెస్సు మింగిన ఒడియా కుర్రాడి తరఫున
ఇంకో కుర్రాడు వచ్చాడు,
మూడు వేళ్లు లేని చేత్తో సాక్షి సంతకం పెట్టాడు.
మనిషి అడ్డొస్తే ఆగే కన్నొకటి ఆ మిషనుకి ఉండేదట.
గంటకి నలభై ముక్కలు తగ్గుతున్నాయని
దాని మీద టేపు అంటించారట.
అది కూడా కొట్టబోయాను. చోటు చాల్లేదు.

షోలింగనల్లూరు పిల్లకి అసలు ఫారమే లేదు.
వరసగా తొమ్మిది నైట్ షిఫ్టులు,
హెడ్‌సెట్ చెవులకుండగానే పోయింది.
కుర్చీలో పోతే సహజ మరణమట.
వాళ్ల నాన్న కాసేపు నా స్టూలు మీద కూర్చుని
టీ తాగి, డబ్బులు తనే ఇచ్చి వెళ్లాడు.

నిన్న తవిటమ్మ వచ్చింది,
పలాస నుంచి జనరల్ బోగీలో నిలబడి.
తమ్ముడు ఎర్రయ్య. పెరుంబాక్కం, పద్నాలుగో అంతస్తు సారవ.
"తాడు పాతదని మూడ్రోజుల్నుంచి సెప్తన్నాడంట బాబూ.
ఆదివారం కొత్తది వస్తాదన్నారంట.
శుక్రవారం పడిపోనాడు."

సంచిలోంచి హెల్మెట్ తీసింది. పసుపుది.
గీత లేదు, మరక లేదు,
లోపలి పట్టీకి ప్లాస్టిక్ కవరు ఇంకా ఉంది.
"శవం పక్కన పెట్టీసినారు. ఇనస్పెట్రు వచ్చీలోగా.
మావోడిది పెద్ద తల బాబూ,
ఇందులో పట్టనే పట్టదు."

నేను కాగితం ఎక్కించాను. వేళ్లు వాటంతటవే పోయాయి.
ఆమెకి చదువు రాదు,
చప్పుడు మాత్రం విన్నది.
"అప్పుడే అయిపోనాదా?"

హెల్మెట్ తిప్పి చూశాను, ముఖం చూడలేక.
పట్టీ వెనక మడతపెట్టిన బిల్లు:
నూట అరవై ఐదు రూపాయలు,
శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండూ పది.
ఎర్రయ్య పడింది పొద్దున తొమ్మిదికి.

బిల్లుకి జిరాక్స్ తీయించాను, ఒకటికి నాలుగు.
అసలుది ఆమె కొంగుకి ముడివేయించి
నకలు తొమ్మిదో కాలమ్‌లో జిగురు రాసి అంటించాను.
అది కాలమ్ దాటి
పదినీ పదకొండునీ కప్పేసి
యజమాని సంతకం చోటు దాకా పోయింది.

కౌంటర్‌లో గుమాస్తా గోటితో గీకి చూశాడు.
"కారణం రాయమంటే ఇదేంటి?"
చదవండి, అన్నాను.

రాత్రి ట్రంకుపెట్టె తెరిచి
పెంచలమ్మ కాగితం కార్బన్ కాపీ వెతికాను.
ఎక్కడా దొరకలేదు.
దొరికినవన్నీ ఒకేలా ఉన్నాయి.