ఎంత చిక్కగ

రాణిగంజ్ గల్లీల ఆయిల్ దుకాణపాయన
డబ్బా చెవి దగ్గర ఊపి చూపెట్టిండు.
"ఇరవై యాభై మేడమ్.
మన ఎండలకు గింత చిక్కగుండాలె."
రెండేండ్లు నమ్మిన.
చిక్కగుంటే మంచిదనే కద
చిన్నప్పటిసంది నేర్సుకున్నది.
పలచగుంటె పాలోడిని తిట్టినం,
పలచగుంటె పప్పు మల్ల పొయ్యెక్కిచ్చినం.

పొద్దుగాల మూడున్నరకు
అల్వాల్‌ల ఇంటి ముంగట కారు స్టార్ట్ చేస్తె
టక టక టక టక టక,
ఖాళీ గిన్నె మీద చెంచాతోని కొట్టినట్టు.
పైఅంతస్తు హిందీ టీచరు కిటికీ మూసుకునేది.
కొంచెం దూరం పోంగనే సప్పుడు అణిగేది,
నేను గూడ మరిచేదాన్ని.
రింగురోడ్డెక్కినంక
ఎయిర్‌పోర్టు లైట్లు తప్ప ఏం యాదికుంటది?

మౌలాలిల రైలుకట్ట కింద ఖుద్దూస్ మియా షెడ్డు.
బోర్డు లేదు.
టైరు మీద సున్నంతోని రాసిన ఫోన్ నంబరు,
అండ్ల ఒక అంకె వానకు పోయింది.
ఆయన బానెట్ ఎత్తకముందే
చెవి పెట్టి విన్నడు.
"ఏం తాపుతున్నవ్ దీనికి?"
చెప్పిన.
నవ్వలేదు. చేతులు తుడుసుకున్నడు.
"హలీమ్ మంచిదే బేటీ.
కని దినమంత ఉపాసమున్నోడు
రోజా విడిచేటప్పుడు
ముందుగాల గొంతుల ఏం పోసుకుంటడు?"

షాగిర్దు ఓదేలు
ఎవల్దో పాత నంబర్ ప్లేటు తెచ్చి
గోడకు ఏటవాలుగ ఆనిచ్చిండు.
రెండు చుక్కలు పెట్టిండు, పక్కపక్కన.
ఒకటి అంకెల మీదికెల్లి ఉరికి
కింద ఇసుకల పడ్డది.
ఇంకోటి బోల్టు బొక్క కాడ ఆగి
ఆలోచన చేస్తున్నది.
"గా ఆగినంత సేపు" అన్నడు మియా,
"లోపల ఇనుముకు ఇనుము రాసుకుంటది.
ఇంజన్ అరిగేది ఎక్కువ గప్పుడే."

డబ్బా మీది అంకెలకు అర్థం చెప్పిండు.
ముందరిది చలికి, ఎనకది వేడికి.
హైదరాబాద్‌ల చలెక్కడిది అన్న.
"నీకు లేదు. దీనికుంటది.
తొంభై డిగ్రీలు దాటితెనే దీనికి ఒళ్లు వెచ్చగైతది.
గంతకు తక్కువుంటె, మే నెల తెల్లారుజామైనా
దీనికి చలికాలమే."
పొగ నీలంగ వస్తుందా అని అడిగిండు.
ఆయిల్ తాగుతుందా?
లేదన్న.
తాగితె ఇంకో లెక్క చెప్తుంటి అన్నడు,
ముసలి ఇంజన్లకు పది నలభై గిట్ల.
"నీది ఇంకా గంత దూరం పోలే. బుక్కు తియ్యి."

బుక్కు.
డ్యాష్‌బోర్డు అరల, టోల్ చిట్టీల కింద,
జండూబామ్ సీసా కింద, ఎండిన చామంతి కింద,
ప్లాస్టిక్ కవరు చింపకుంట ఉన్నది.
మొదటి పేజీల మొదటి ఓనరు పేరు
గుండ్రటి అక్షరాలతోని: వైజయంతి, సైనిక్‌పురి.
ఆమె గూడ చదవలేదు పాపం.
ఓదేలు ఏలు పెట్టి చూపెట్టిండు:
ఐదు డబ్ల్యూ ముప్పై.
నాలుగేండ్లు చెయ్యి చాపితె అందేంత దూరంల
జవాబు ఏసుకోని తిరిగిన,
ఊరందరిని అడుక్కుంట.

నట్టు ఇప్పితె నల్లగ దిగింది పాతది,
ఇష్టం లేని చుట్టం పోయినంత నిమ్మలంగ.
దుకాణపాయన మీద కోపమొచ్చింది,
మల్ల పోయింది.
ఆయన ఎక్కువ లారీలోళ్లకు అమ్ముతడు;
మోసం చెయ్యలే,
నా కారును లారీ అనుకున్నడు గంతే.

"సప్పుడు మొత్తం పోతదా?"
మియా కొత్త డబ్బా మూత బిగిచ్చుకుంట
"అరిగింది అరిగిందే" అన్నడు.
పైసలు ఎనిమిది వందలు తక్కువే తీసుకున్నడు,
ఎందుకో చెప్పలే.

తెల్లారి మూడున్నర.
గల్లీల కుక్క గూడ లేవలే.
తాళం తిప్పిన.
టక.
టక.
అంతే. మల్ల మెత్తగ గుర్రుమంట నిలబడ్డది.
ఆ రెండు దెబ్బలు నావే,
రెండేండ్లవి, ఒకటొకటి.
పైన కిటికీ ఎప్పటిలెక్క మూసే ఉన్నది,
ఆమెకెవలు చెప్తరు?
సీసా మూత తీసి
ఒక గుక్క నీళ్లు తాగి
గేరేసిన.