పులిసిన తొట్టి

గుడిపాల రోడ్డులో పాల ఫ్యాక్టరీ వెనక,
చూడ్డానికొచ్చినోళ్లకు ఎవరూ చూపించని చోట
నా డ్యూటీ.

క్యాన్లు కడిగిన నీళ్లు, నెయ్యి కాచిన బానల అడుగు,
చిరిగిన పెరుగు ప్యాకెట్లు,
అన్నీ ఒకే కాలవలో నా కాడికే వస్తాయి.
తెల్లారేసరికి చలికి పైన తెట్టు కడుతుంది.
చూపుకు జున్ను.
ముక్కుకు మాత్రం కాదు.

మూత బిగించిన ఆ పెద్ద తొట్టిలో
గాలి తగిలితే చచ్చే ప్రాణాలున్నాయి.
కంటికి ఆనవు. జీతమడగవు.
మొదట వాటిని తెచ్చింది చెంగల్రాయులు,
ట్రాక్టరు ట్యాంకరు నిండా పేడనీళ్లుగా.
కొవ్వు తిని మంటను వదలడం
వాటికి ఎవరు నేర్పినారో!

ఆడికృత్తికకు నేను రెండు దినాలు లీవు.
కొత్త సూపర్వైజరు బాన కడుగంతా
ఒక్కసారే లోపలికి వదిలేసినాడు.
నేనొచ్చేసరికి గ్యాసు ముల్లు
సున్నా మీద పడుకోనుంది.
ముంచిన కాగితం నారింజకు తిరిగింది.
"తొట్టి చచ్చిపోయిందమ్మా, తోడి పారేద్దాం" అన్నాడు.

చావలేదు సార్,
పొర మారింది.
జిడ్డు ఒళ్లంతా అంటుకోని
నోరు తెరవలేకుండా ఉండాయి, అంతే.

మా చిన్నోడికి టైఫాయిడు దిగినాక
నేను పెట్టింది నేతన్నం కాదు, గంజి.
అదే లెక్క.
కొవ్వు ఆపేసినాను. సున్నపుతేట పోసినాను.
వారం దినాలు వట్టి క్యాన్ల నీళ్లే.
తర్వాత ఒక బకెట్టు నెయ్యి కడుగు.
తర్వాత ఒకటిన్నర.
పుస్తకంలో రాయడానికి వేరే ఏమీ లేక
"ముల్లు కదల్లేదు" అని
పదిహేడుసార్లు రాసినాను.

పద్దెనిమిదో రాత్రి, రెండున్నరప్పుడు,
నీళ్ల సీసాలో ఒక బుడగ.
బుడుంగ్.
ఇంకోటి రావడానికి ఎంతసేపు పట్టిందో తెలీదు,
ఊపిరి బిగబట్టినదాన్ని, గడియారం చూడలేదు.

ఇప్పుడు క్యాంటీను పొయ్యి నీలంగా మండుతా ఉంది.
దేశమ్మ దానిమీద టీ కాస్తుంది,
సూపర్వైజరు రెండు గ్లాసులు తాగుతాడు.
రిపోర్టులో ఆ పద్దెనిమిది దినాలకు
"స్వల్ప అంతరాయం" అని ఒక్క మాట.

బస్సులో నా పక్క సీటు
ఈ పొద్దూ ఖాళీనే.
కాళ్లు చాపుకోని కూర్చుంటాను.
రేపు మళ్లీ బాన కడుగుతారు.
వాల్వు తాళంచెవి
కొంగున ముడేసుకొచ్చినాను.