వెచ్చని మూల

కరకంబాడి రోడ్డులో, మామిడితోటల వెనక
రేకుల షెడ్డు మాది.
మార్గశిరంలో శేషాచలం మీంచి దిగే చలి
ముందు రేకుల్ని పట్టుకుంటుంది,
తర్వాత నన్ను,
ఆఖరికి వాటిని.

నేను దుప్పటి కప్పుకుంటే
నా ఒంటి వేడే నాకు తిరిగొస్తుంది.
వాటికి కప్పితే
చలిని మూటగట్టి చేతికిచ్చినట్టే.

కిందటేడు బల్బు పెట్టాను.
అరవై వాట్లది, కోడిపిల్లలకు పెట్టేది.
ఎర్రగా, చూడ్డానికే హాయిగా ఉండింది.
తెల్లారి చూస్తే
పెద్ద కొండచిలువ దాన్ని చుట్టుకుని ఉంది.
పొట్ట కింద పొలుసులు
పెనం మీద మరిచిపోయిన అట్టు అంచులు.
కాలుతున్నా కదల్లేదు.
చలేసినప్పుడు వేడి దగ్గరికి పోవాలని
దాని పూర్వీకులు నేర్పారు,
బల్బు సంగతి వాళ్లకేం తెలుసు.

డాక్టర్ నళిని మందు రాస్తూ
తలెత్తకుండా అడిగింది:
"పక్కకు జరిగే చోటు ఇచ్చావా, పళనీ?"

ఈ ఏడు పిల్లలు ఎక్కువ.
ఇనుప చట్రంలో ఇరవై నాలుగు ప్లాస్టిక్ సొరుగులు,
ఒక్కోదాంట్లో ఒకటి,
చుట్ట చుట్టుకున్న జడకుచ్చంత.
చెంగల్రాయుడు వైర్ల సంచి దించి
"ఏది కావాల్నో తేల్చప్పా, మధ్యాన్నం చంద్రగిరిలో పనుండాది" అన్నాడు.

బల్బు సొరుగులో పట్టదు.
పట్టినా పెట్టను.
సిరామిక్ ఉంది, వెలుగు లేకుండా కాలే గుడ్డిదీపం,
రాత్రిని రాత్రిగానే ఉండనిస్తుంది.
అది తాబేళ్ల గదికి ఇచ్చేశాం,
నీళ్ల చిప్ప పొద్దుటికల్లా ఎండగొట్టినా సరే.
షెడ్డంతటికీ ఒకే హీటరంటే
వేడి రేకుల సందుల్లోంచి పోతుంది,
కరెంటు బిల్లు
దర్శనం టికెట్టు లేకుండానే కొండెక్కుతుంది.

మిగిలింది పట్టీ.
నల్లగా, బెత్తెడు వెడల్పు,
సొరుగుల కింద, వెనక వైపు మాత్రం.

మా అమ్మ పలమనేరులో పట్టుపురుగులు మేపేది.
అరల మీద అరలు, మూల బొగ్గుల కుంపటి.
కోడి కూయకముందే లేచి
తట్ట మీదికి వంగి, చెంప దగ్గర పెట్టి
"ఇది చాలు, దాన్ని జరుపు" అనేది.
ఎప్పుడూ తప్పలేదు.
నా చెంపకు ఆ చదువు రాలేదు.

అందుకే థర్మోస్టాట్.
"పట్టీ నాలుగొందలు,
దాని చెవి రెండువేల ఎనిమిదొందలా!"
చెంగల్రాయుడు నవ్వాడు.
కాలిన పామును చూపించాను.
ఆ తర్వాత బేరమాడలేదు,
చెవిని పట్టీకి ఆనించి
రెండుసార్లు టేపు చుట్టాడు.

వెనక ముప్పై రెండు.
ముందు ఇరవై ఆరు.
మధ్యలో రెండు జానలు,
ఎటు పోవాలో అది తేల్చుకునే స్థలం.

పాములకంటే ముందు
ఖాళీ సొరుగులో నా చెయ్యి పెట్టాను.
వంద లెక్కపెట్టాను.
మళ్లీ వంద.

రాత్రి మూడింటికి టార్చి పట్టుకుని
ఏడో సొరుగు వేలెడంత లాగాను.
తోక వెచ్చదనంలో ఉంది,
తల చల్లని వైపు,
నాలుక ఒకసారి బయటికొచ్చి లోపలికి పోయింది.
పదకొండో సొరుగుది మాత్రం
రాత్రంతా చలివైపే ఉండిపోయింది.
ఎందుకో తెలీదు.
వెనక్కి నెట్టబోయి ఆగాను.

పెద్దదాని కుబుసం
మొన్న గంప కింద దొరికింది.
కాలిన మచ్చ అందులోకీ వచ్చింది,
పల్చగా, కాగితానికి నూనె అంటినట్టు.
థర్మోస్టాట్ పక్క మేకుకు తగిలించాను.
ఫ్యాను వేస్తే ఊగుతుంది.