లోపల మడిచిన గుడ్డ

వుల్వర్‌హాంప్టన్ బస్‌స్టేషన్ ఎదురు సందులో
తాళాలు బాగుచేసే బర్నార్డ్ పక్కన నా కొట్టు.
ఇరవై రెండేళ్లుగా మనుషుల్ని మెడ కింద నుంచే గుర్తుపెట్టుకున్నాను.
పేరు మరిచిపోతాను గానీ నడుము మరవను.

వాల్సాల్ బస్సు నడిపే నెవిల్‌కి
నా రూళ్ల పుస్తకంలో ఓ పేజీ ఉంది.
ముప్ఫై నాలుగు. దాని కింద ముప్ఫై ఐదున్నర.
కూతురి పెళ్లికి ముప్ఫై ఎనిమిది.
రాత్రి డ్యూటీలు పడ్డ ఏడు నలభై ఒకటి,
పక్కన పెన్సిల్‌తో: గుడ్డ అయిపోయింది, ముక్క వెయ్యాలి.

"ప్యాంటు మళ్లీ కుంచించుకుపోయిందయ్యా,
అంతా వాషింగ్ మెషీన్ తప్పు" అనేవాడు.
నేనూ నవ్వేవాణ్ణి.
వెనక కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డ బయటికి లాగి
ఇస్త్రీ చేసి చేతికిచ్చేవాణ్ణి.
అంగుళానికి ఎనిమిది పౌండ్లు.
వదులు చేసిన సంగతి ఎవరికీ తెలియకపోవడమే కదా పనితనం.

ఏ పాట్లు పడినా జానెడు పొట్ట కోసమే అంటారు.
జానెడేనా?
అది నా టేపునడగండి.

మార్చిలో నెవిల్ రాలేదు.
స్టీరింగు ముందే ఎడమవైపు ఒరిగిపోయాడని,
అదృష్టం, బస్సు అప్పటికి స్టాపులో ఆగి ఉందని
బర్నార్డ్ చెప్పాడు, ఎవరిదో తాళంచెవి అరగదీస్తూ.
ఆ రాత్రి ఆ పేజీ తీశాను.
అన్నేళ్లూ రాశానే గానీ
చదవడం అదే మొదలు.

తర్వాతి వారం క్లినిక్‌లో
బరువు యంత్రం మీద నేను పాసయ్యాను.
పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, ఎవరికీ అనుమానం రాదు.
అప్పుడు నర్సు టేపు తీసింది.
అమ్మ మొలతాడు కట్టిన రోజుల తర్వాత
నా నడుము చుట్టూ ఇంకొకరి చెయ్యి కొలతకి రావడం అదే.
పొట్ట బిగబట్టాను.
గిరాకీలు చేసే ఈ దొంగతనం నాకు తెలియనిదా!
ఆమె తొందరపడలేదు. టేపు పట్టుకుని
నేను ఊపిరి వదిలేదాకా కిటికీలోంచి వానని చూసింది.
తొంభై ఐదు సెంటీమీటర్లు.
"మీవైపు మగవాళ్లకి తొంభై దగ్గరే గంట కొడతాం" అంది.
కొవ్వు పైకి కనిపించదట.
కాలేయం చుట్టూ, పేగుల సందుల్లో
మడిచి దాచుకుంటుందట ఒళ్లు.
మడిచి దాచడం గురించి నాకా చెప్పడం.

వెళ్లేముందు ఇంకోటి చెప్పింది:
మీ ఎత్తు దారం తీసుకోండి, సగానికి మడవండి,
నడుముకి చుట్టండి, కొసలు కలవాలి.

కొట్టు మూశాక, తెల్లదారం,
మడమ నుంచి నడినెత్తి దాకా కొలిచి తెంపాను.
సగం చేసి చుట్టాను.
బొడ్డు ముందు రెండు కొసలూ
బెత్తెడు ఎడంగా నిలబడిపోయాయి,
మాటల్లేని అన్నదమ్ముల్లా.
చిన్నప్పుడు మొలతాడు బిగుసుకుంటే
పిల్లాడు ఒళ్లు చేశాడని ఇంటిల్లిపాదీ మురిసేవారు,
పాతది తెంపి కొత్తది కట్టేవారు.
ఆ సంబరం ఏ వయసులో ఆపాలో
ఎవరూ చెప్పలేదు మాకు.

సెప్టెంబరులో నెవిల్ వచ్చాడు, చేతికర్రతో.
"ఈసారి ప్యాంటే సాగిపోయింది" అన్నాడు.
నవ్వు ఒక పక్కకే వచ్చింది.
ముప్ఫై ఏడు.
బొత్తాం తీసేసి హుక్కు పెట్టమన్నాడు,
ఎడమచెయ్యి మాట వినదట.
డబ్బులొద్దంటే వినలేదు,
కుడిచేత్తో ఒక్కొక్క నాణెమే బల్లమీద పేర్చాడు.

"మిగిలిన గుడ్డ లోపల మడవనా, కోసేయనా?"
అడిగాను.
చాలాసేపు కత్తెర వైపు చూసి
"కోసెయ్" అన్నాడు.

కోశాను.
నా ప్యాంటుది మాత్రం
ఇంకా కొయ్యలేదు.