చివరి ర

ఇంట్లో ఆమె ఇంటిపేరు క్లూత్యే.
బడి హాజరు పట్టీలో క్లూటియర్.
రాతలో రెండూ ఒకటే.
పేచీ అంతా ఆ చివరి ర దగ్గర.
వాళ్ళమ్మ దాన్ని మింగేసేది,
టీచరమ్మ కక్కించేది.

"మా గడప దాటితే ఇంకో దేశం,
పాస్‌పోర్టు ఆ ఒక్క అక్షరమే"
గిటారు తీగ బిగిస్తూ అంటుంది రెజాన్.

లూయిస్టన్‌లో, ఆండ్రోస్కాగిన్ నది ఒడ్డున
ఎప్పుడో మూతబడ్డ నూలు మిల్లు.
మూడో అంతస్తు ఇప్పుడు పాటల హాలు.
వాళ్ళమ్మ కండెలు మార్చిన చోటే
నేను మైకు స్టాండు నిలబెడతాను.
బాస్ గిటారు గట్టిగా మోగితే
నేల చెక్కల సందుల్లోంచి
యాభై ఏళ్ళనాటి దూది నూగు లేస్తుంది.

పదకొండేళ్ళుగా ఈమె సౌండ్ మనిషిని.
ఆమె పాడే రెండు భాషలూ నాకు అద్దెవే.
ఒకదానికి నెలనెలా కడుతున్నాను,
రెండోదానికి ఇంకా అడ్వాన్సు కూడా ఇవ్వలేదు.
అయినా నా చెవికి తేడా తెలుసు.
ఇంగ్లిషు పాటకి ఒక అడుగు వెనక్కి వేసి
హాలు చివరి కుర్చీని చూస్తూ పాడుతుంది.
ఫ్రెంచి పాటకి మైకు దగ్గరికి జరుగుతుంది,
పక్కగదిలో ఎవరో రాత్రి షిఫ్టు చేసొచ్చి
పడుకున్నట్టు.

డెబ్బై మూడులో నాష్‌విల్ పిలిచింది.
రెజాన్‌ని కత్తిరించి జీన్ చేశారు.
"మధ్యమధ్య రెండు ఫ్రెంచి ముక్కలు వెయ్యమ్మా,
వాసన కోసం" అన్నారట.
కరివేపాకు అన్నమాట.
ఆ పాట ఊరూరా మోగింది.
మంగలి షాపుల్లో, లారీల్లో,
చివరికి టైర్ల ప్రకటనలో.
ఇంటి పైకప్పు ఆ డబ్బుదే.
"వాన పడ్డప్పుడల్లా
ఇంగ్లిషుకి ఒక దణ్ణం పెట్టుకుంటాను."

మాంట్రియల్‌లో రేడియో ఆయన
ఆమె ఫ్రెంచి విని ముచ్చటపడ్డాడు:
"అచ్చం మా ముత్తవ్వలా మాట్లాడుతున్నారు!"
అప్పటికి ముత్తవ్వకి ముప్పై రెండు.
ఆ రికార్డు పెట్టెలు గారేజీలో,
మంచు ఎత్తే పారల వెనక.
ఇంకా నూట తొంభై నాలుగు ఉన్నాయి.
లెక్క నాదే.

దానికి వచ్చిన ఉత్తరం ఒకటే ఒకటి.
బిడ్డెఫర్డ్ నుంచి, రిటైరైన ఫ్రెంచి మాస్టారు.
మూడో చరణంలో క్రియ తప్పని
ఎర్ర సిరాతో దిద్ది పంపాడు.
వారం పాటు దిద్దిన మాటే పాడి చూసింది.
తాళానికి అతికింది కూడా.
ఆ తర్వాత జవాబు రాసింది, ఇంగ్లిషులో:
"అయ్యా, మీరన్నది నిజమే.
కానీ ఆ తప్పు మా అమ్మది.
యంత్రాల హోరులో పక్కామెకి వినబడాలని
మాటల తోకలు తెంచి అరిచేది.
అతికిస్తే వ్యాకరణం బాగుపడుతుంది,
ఆవిడ మాత్రం వినబడదు."
మళ్ళీ ఆయన రాయలేదు.
రికార్డు ఇంకోటి కొన్నాడు.
నూట తొంభై అయిదో, నాలుగో అయ్యింది అలాగే.

ఇవాళ హాలు నిండలేదు, ఖాళీగానూ లేదు.
సౌండ్ చెక్‌కి లెక్కపెట్టమన్నాను.
అఁ, దే, త్రువా, కాత్ర్.
ఏ భాష పాటకైనా లెక్క మాత్రం ఇందులోనే.
డ్రమ్ముల కుర్రాడిది ఒహాయో.
ఆ భాషలో వాడికి నాలుగు దాకానే వచ్చు.
చాలు అంటాడు. అంతకు మించి తప్పిపోతే
ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుందట.

నగర సభ్యుడొకాయన మైకు పట్టుకుని
"మన జీన్ క్లూటియర్!" అని చాటాడు.
ఆ ర స్పీకర్లలో గరగరమంటూ
తిరిగి తిరిగి గోడకు కొట్టుకుంది.
డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి
అది చల్లారేదాకా ఆగింది.

జాబితాలో మొదటిది టైర్ల పాట.

ఆమె మైకు దగ్గరికి జరిగింది.
నేను గబగబా బాస్ తగ్గించాను.